రెండు గీతల కెమెరా

మా బస్సుల వర్క్‌షాపులో స్టోరు సరుకు వేరు, సొంత పనిముట్టు వేరు. స్టోరు సుత్తికి నీలి రంగు పట్టీ ఉంటుంది; పని ముగియగానే దాన్ని తిరిగి అప్పగించాలి. సొంత సుత్తి మీద దాని మనిషి గుర్తు ఉంటుంది. దాన్ని మరొకరు ముట్టరు, గేటు దగ్గర కాపలాదారు కూడా ఆపడు. గుర్తు అంటే పేరు కాదు. జిడ్డుకు అక్షరాలు పూడుకుపోతాయని మొదటి తరం ఫిట్టర్లు ఉలితో బొమ్మలు కొట్టుకోవడం మొదలుపెట్టారట. మేస్త్రిది మూడు చుక్కలు. టైర్ల విభాగం పెద్దాయనది అర్ధచంద్రుడు. రేడియేటర్లు అతికే అతనిది చేప. అది చేపలా కాక ఆకులా ఉందని ఎవరైనా అంటే అతనికి కోపం వస్తుంది. గుర్తు ఎవరిది వారే కొట్టుకోవాలి. ఇంకొకరి చేత కొట్టించుకుంటే చెల్లదు. ఈ నియమం ఏ ఉత్తర్వులోనూ లేదు. అయినా ఆ ఆవరణలో దానికున్నంత మన్నన ఏ ఉత్తర్వుకూ లేదు.

సుద్దక్కకు మాత్రం చాలాకాలం గుర్తంటూ లేకపోయింది. ఆమె వాడేవన్నీ స్టోరువే: ఎర్ర రంగు డబ్బా, తెల్ల పొడి డబ్బా, పాత గుడ్డలు, చేతిదీపం, జేబులో పట్టే ఒక పాత కెమెరా.

ఆమె పని బస్సుల అడుగున పగుళ్లు వెతకడం. బస్సు వచ్చి గుంత మీద నిలబడగానే ఆమె మెట్లు దిగి దాని కిందికి చేరుతుంది. ఛాసీ మీద, అంటే బస్సును మోసే అడుగు చట్రం మీద, అనుమానం కలిగిన చోట తుప్పు గీకి, శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు పూస్తుంది. రంగు లోపలికి ఇంకేదాకా ఆగి, పైన మిగిలినదంతా తుడిచేస్తుంది. ఆపైన తెల్ల పొడి చల్లుతుంది. ఇనుములో పగులు ఉన్నట్లయితే, అందులో దాగిన ఎరుపు మెల్లగా పొడిలోకి ఎక్కి వెంట్రుకంత గీతగా కనబడుతుంది. ఆ గీతను ఫోటో తీసి పంపాలి. ఊరికి అవతలి కొసన ఉన్న ప్రధాన కార్యాలయంలో ఒక ఇంజనీరు ఆ ఫోటో చూసి, అతికితే సరిపోతుందా, ముక్క మొత్తం మార్చాలా అన్నది తేల్చి చెబుతాడు. పొడి ఆమె కనుబొమల మీద, చెవుల వెనక, టోపీ అంచున ఎప్పుడూ ఉండేది. సుద్దక్క అన్న పేరు అలా వచ్చింది.

అంతకుముందు ఆమె బస్సులు కడిగే చోట పనిచేసేది. ఒక బస్సు అడుగున గొట్టంతో నీళ్లు కొడుతున్నప్పుడు ఒకచోట తడి తక్కిన చోట్లకన్నా ఆలస్యంగా ఆరుతోందని గమనించి మేస్త్రిని పిలిచింది. ఆయన వేలితో తడిమి చూసి ఏమీ లేదన్నాడు. ఆమె కదలలేదు. చివరికి ఆయన విసుక్కుంటూనే రంగు తెప్పించి పూస్తే పగులు బయటపడింది. మర్నాటి నుంచి ఆమెను గుంతలోకి పిలవసాగాడు. అక్కడికి దిగిన మొదటి ఆడమనిషి ఆమే. ఉద్యోగం గురించి ఆమె ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: "నేను కింద నుంచి చూసిన బండి పైన నేనే కూర్చుని ఇంటికెళ్తా. అంతకన్నా ఏం కావాలి?"

నేను అదే వర్క్‌షాపులో నూనె పరీక్షల గదిలో ఉంటాను. ఇంజిన్లలో వాడిన నూనె చిక్కదనం కొలవడం, అందులో లోహపు రజను ఎంత చేరిందో చూడడం నా పని. అందుకే ఆమె నన్ను నూనె తమ్ముడు అంటుంది.

ఆమె చేతులు వణుకుతాయి. వాళ్ల నాన్నకూ వణికేవట. వైద్యుడు చూసి, ఇది వంశంలో వచ్చే వణుకే తప్ప మరొకటి కాదని చెప్పి మాత్రలు ఇచ్చాడు. మాత్రలతో వణుకు కొంత తగ్గింది. మెలకువ అంతకన్నా ఎక్కువ తగ్గింది. గుంతలో కునుకు తీసే ఉద్యోగం కాదు తనదని వైద్యుడికే చెప్పి ఆమె వాటిని మానేసింది. రంగు పూయడానికి, పొడి చల్లడానికి ఆ వణుకు అడ్డు రాలేదు. ఫోటో దగ్గరే చిక్కు వచ్చింది.

ఒక బస్సు ఛాసీ అడ్డకమ్మీ మీద ఆమె తీసిన ఫోటోలో రెండు గీతలు పక్కపక్కనే కనబడ్డాయి. ఇంజనీరు వాటిని జంట పగులుగా లెక్కవేసి, కమ్మీ మొత్తం కోసి కొత్తది వేయమన్నాడు. కోసి తీశాక చూస్తే ఉన్నది ఒకటే పగులు, అదీ అతికితే పోయేది. గుంతలో చీకటి కనుక కెమెరా కన్ను కాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఫ్లాష్ వేస్తే తెల్ల పొడి మెరిసి గీత మాయమవుతుంది. కన్ను తెరిచి ఉన్న ఆ కొద్ది క్షణంలో చేయి ఇటూ అటూ ఊగింది. ఊయల మధ్యలో వేగంగా పోతుంది, రెండు కొసల్లో కాస్త నిలుస్తుంది. ఫోటోలో గీత కూడా అలాగే రెండు కొసల్లో ముద్రపడి, మధ్యలో పడలేదు. కారణం ఇంతే. కారణం తెలిసినంత మాత్రాన నవ్వులు ఆగవు.

"ఏం సుద్దమ్మా, ఇవాళ కవలలా, ఒక్కటేనా?" అని మేస్త్రి రోజూ అడగసాగాడు.

"మీ కళ్లజోడు తుడుచుకోండి బాబాయ్, ఒక్కటే కనబడుద్ది," అనేది ఆమె.

మేనేజరు గారు నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాడు. బస్సు రోడ్డు మీద లేని ప్రతి పూటా ఆయనకు పై నుంచి ఫోను వస్తుంది. ఆయన సుద్దక్కను గదికి పిలిచి, పాత కెమెరా ఎలాగూ మార్చాలి కాబట్టి జేబులో పట్టే కొత్త కెమెరా ఒకటి తెప్పిస్తున్నామని, బొత్తాం నొక్కితే అన్నీ అదే చూసుకుంటుంది కాబట్టి ఇకపై ఫిట్టర్లలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు తీస్తారని చెప్పారు. అప్పుడు నేను ఆ గదిలోనే నూనె ఫలితాలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"మరి నేను?" అంది సుద్దక్క.

"మరచిపోయిన వస్తువుల గది ఉంది కదమ్మా. అక్కడ కూర్చోవచ్చు. జీతంలో తేడా ఉండదు. మీ మంచికే చెబుతున్నాను."

"గొడుగుల గదా?"

"గొడుగులే కాదు, టిఫిన్ డబ్బాలూ, సంచులూ..."

"నా మంచి సంగతి నేను చూసుకుంటాను సార్. బస్సు మంచి సంగతి చెప్పండి. రంగు పూసిన మనిషికి పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుసుద్ది. ఖాళీగా ఉన్నోడికి ఏం తెలుసుద్ది?"

ఆయన నా వైపు తిరిగారు. జేబు కెమెరా సరిపోతుందా, లేక లెన్స్ మార్చుకునే పెద్ద రకంలో అన్నిటికన్నా చిన్నదైనా తీసుకోవాలా అన్నది పరీక్షించి చెప్పమన్నారు. ప్రశ్న కెమెరాల గురించే అడిగినట్టుంది. జేబు కెమెరా వస్తే గుంతలోకి ఎవరైనా దిగవచ్చు, సుద్దక్క దిగనక్కర్లేదు. ఇది ఆ గదిలో ఉన్న ముగ్గురికీ అర్థమయింది.

నేను పద్ధతి ప్రకారమే చేశాను. జేబు కెమెరా మేనేజరు గారు తమ సొంతది ఇచ్చారు. పెద్దది గేటు ఎదురుగా స్టూడియో నడిపే ఫోటోగ్రాఫరు దగ్గర పాతది దొరికింది. ప్రయాణికుల పాస్ ఫోటోలకు ఆయన కొత్తది కొనుక్కుని దాన్ని అల్మారాలో పెట్టాడు. రెండింటినీ నా గదిలో త్రాసు మీద పెట్టాను. జేబుది రెండు వందల గ్రాములకు కొంచెం పైన, పెద్దది లెన్సుతో కలిపి ఏడు వందలకు కొంచెం తక్కువ. గుంతలోకి దిగి ఒకే పగులును రెండింటితోనూ తీశాను. రెండింటిలోనూ గీత స్పష్టంగానే వచ్చింది. పెద్ద దాని బొమ్మ ఇంకా నిగ్గుగా ఉన్న మాట నిజం. కానీ ఇంజనీరుకు అంత నిగ్గు అవసరం లేదు. డీజిల్ ట్యాంకు వెనక సందులోకి జేబుది దూరింది, పెద్దది దూరలేదు. తేలికది చేతిని అలసిపోనివ్వదు. జేబుదే మేలని రాసి ఇచ్చాను.

ఆ మధ్యాహ్నమే సుద్దక్క నా గదికి వచ్చింది. తలుపు దగ్గర బూట్లు దులుపుకుంది. నేల మీద తెల్లగా రాలింది.

"నూనె తమ్ముడూ, రాసేశావంట."

"రాశానక్కా. చూసిందే రాశాను."

"ఎవరి చేత్తో కొలిచావు?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కెమెరా పట్టుకున్న చెయ్యి ఎవరిదీ అంటున్నా."

"నాదే."

"నీ చెయ్యి రాయి. రాతి మీద ఏది పెట్టినా కదలదు. గుంతలో నిలబడేది నేను. నా చేత్తో కొలవకుండా నన్ను గొడుగుల గదికి ఎలా పంపుతావు?"

నేను తేలిక గురించి చెప్పాను. చేయి అలసిపోతే వణుకు పెరుగుతుంది కనుక, వణికే చేతికి తేలిక వస్తువే నయమన్నాను. ఆమె నా బల్ల మీది ఖాళీ సీసా తీసి పట్టుకుంది. దాని మూత టకటకా కొట్టుకుంది. సీసా దించి, బల్ల అడుగున ఉన్న ఇనుప దిమ్మ ఎత్తింది. అది దాదాపు కదల్లేదు.

"మా ఆయన కుట్టిన బట్టలకి సాయంత్రాలు ఇస్త్రీ చేసేది నేనే," అంది. "ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే నా చెయ్యి తిన్నగా పోతది. సూది పట్టుకుంటే మాత్రం దారం ఎక్కేసరికి తెల్లారుద్ది. ఎందుకో నాకు తెలవదు. నువ్వు చదువుకున్నావు, నువ్వు చెప్పు."

బరువైన వస్తువును అదే బలం అంత వేగంగా ఊపలేదు. ఇది నేను బడిలోనే చదివాను. త్రాసు మీద రెండు కెమెరాలూ పెట్టినప్పుడు అది గుర్తుకు రావలసింది.

ఆ తర్వాతి ప్రయోగాలు ఇద్దరం కలిసి చేశాం. మొదటిది ఆమె ఆలోచనే. టైర్ల విభాగంలో చక్రాల తూకం సరిచేయడానికి వాడే సీసపు బిళ్లలు తెచ్చి జేబు కెమెరా అడుగున టేపుతో చుట్టింది. చూడడానికి అది కెమెరాలా లేదు, కట్టు కట్టిన వేలులా ఉంది. మేస్త్రి దాన్ని చూసి, "దీనికి గాలి కూడా కొట్టించమ్మా, ఎందుకైనా మంచిది," అన్నాడు. మొదటి ఫోటోలు బాగానే వచ్చాయి. తర్వాత మళ్లీ రెండు గీతలు మొదలయ్యాయి, ఈసారి ఇంకా ఎడంగా. జేబు కెమెరాలో వెనకనున్న తెర చూస్తూ తీయాలి; తెర చూడాలంటే చేతులు చాచాలి; చాచిన చేతుల చివర బరువు కట్టుకుంటే భుజాలు ఊరుకోవు. ఆమె టేపు విప్పి బిళ్లలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజు నేను ఆమెను ఓడిన మనిషిగా చూశానేమో. మర్నాడు ఉదయం ఆమె నాకన్నా ముందే నా గది తలుపు దగ్గర ఉంది.

"పెద్దది ఇవ్వు. అది ఇంకా నా చేత్తో కొలవలేదుగా."

పెద్దదానికి వెనక తెర ఉన్నా, అద్దపు కంతలో కన్ను ఆనించి చూడడమే దాని పద్ధతి. నేను చెప్పింది అంతే. తక్కినదంతా ఆమె శరీరం దానంతటదే చేసింది. గుంత గోడకు వీపు ఆనింది. మోచేతులు పక్కటెముకలకు చేరాయి. ఎడమ అరచేయి లెన్సు కిందికి వెళ్లి దాని బరువు మోసింది. నుదురు కెమెరాకు తగిలింది. అలా పట్టుకుంటే చేతులు కాదు, మనిషంతా కెమెరాను మోసినట్టవుతుంది. ఊపిరి వదిలేసి నొక్కింది.

ఒకే గీత వచ్చింది.

నేను తొందరపడలేదు. పెద్దదాని లోపల వెలుతురు పట్టే పలక పెద్దది. చీకట్లో దాని కన్ను తక్కువసేపు తెరిచినా చాలు. ఆ సౌకర్యం తీసేసి, జేబుది ఎంతసేపు తెరుస్తుందో ఇదీ అంతసేపే తెరిచేలా అమర్చి మళ్లీ తీయమన్నాను. పది తీస్తే మూడు కదిలాయి. సౌకర్యం తిరిగి ఇచ్చాక పదిలో ఒకటి కదిలింది. జేబుదానితో ఆమె తీసినవి పదిలో ఎనిమిది కదిలినవే. బరువు వల్ల ఎంత మేలు జరిగింది, నుదురు ఆనించడం వల్ల ఎంత, లెన్సులో వణుకును దిద్దే ఏర్పాటు వల్ల ఎంత అన్నది నేను విడదీయలేకపోయాను. ఈ మాట కూడా కలిపి, నా పాత అభిప్రాయం కొట్టివేసి, కొత్తది రాసి మేనేజరు గారికి ఇచ్చాను.

ఆయన స్వయంగా గుంతలోకి దిగి చూశారు. ఆమె ఆయన ముందే రెండింటితోనూ తీసింది. ఫలితం మారలేదు. ఆయన ట్యాంకు వెనక సందు చూపించి, "మరి ఇక్కడ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పెద్దది అందులో పట్టదు.

సుద్దక్క మేస్త్రి వైపు చేయి చాపింది. ఆయన తన పెట్టెలోంచి కాడ చివర అద్దం బిగించిన పనిముట్టు తీసి ఇచ్చాడు. దాని మొదట్లో అయస్కాంతం ఉంటుంది, ఇనుముకు తగిలిస్తే నిలబడుతుంది. ఆమె దాన్ని సందులో తగిలించి అద్దంలోని పగులును ఫోటో తీసింది. బొమ్మలో కుడి ఎడమలు తారుమారు అవుతాయి కనుక, తీయకముందే ఆ ఇనుము మీద సుద్దతో బాణం గీసి, పక్కన 'ముందు' అని రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి.

"అద్దంలో ఇది తిరగబడి కనబడుద్ది కదా," అంది. "తిరగబడ్డ అక్షరం చూడగానే అక్కడున్నాయనకి బొమ్మ తిరగబడిందని తెలుసుద్ది."

"అదీ తెలియకపోతే?" అన్నారు మేనేజరు గారు.

"అప్పుడు ఆయన్ని గొడుగుల గదికి పంపండి."

మేస్త్రి దగ్గు వచ్చినట్టు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. మేనేజరు గారు కూడా ఒక క్షణం నవ్వు ఆపుకున్నారు. ఆ తర్వాత మామూలు గొంతుతో, జేబు కెమెరాకు అనుమతి వచ్చేసిందని, సరుకు దారిలో ఉందని, పైవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పలేనని అన్నారు. వచ్చే వారం నుంచి ఆమె గొడుగుల గదికి వెళ్లాలి.

"కెమెరా మీరు కొనక్కర్లేదు సార్. స్టూడియో ఆయన ఇది అమ్ముతాడు. నేనే కొనుక్కుంటా."

"స్టోరులో లేని వస్తువు గుంతలోకి రాకూడదమ్మా. ఎవరో ఒకరు అడుగుతారు."

"స్టోరులో లేని స్పానర్లు వస్తున్నాయిగా? మేస్త్రి గారి అద్దం స్టోరుదా?"

"అవి సొంత పనిముట్లు. వాటికి గుర్తులుంటాయి. అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి."

"ఓహో," అంది సుద్దక్క. లెన్సుకు మూత పెట్టి మెట్లు ఎక్కింది.

ఆ సాయంత్రం కెమెరా వాడే తీరు రాసిన కాగితం ఇవ్వడానికి నేను వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో కుట్టుమిషను, దాని వెనక ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన కూతురు దిద్దుతున్న లెక్కల పేపర్ల దొంతర. కూతురు బడిలో లెక్కలు చెబుతుంది. స్టూడియో ఆయన దగ్గర కొని తెచ్చిన కెమెరా ఇస్త్రీ బల్ల మీద ఉంది.

"గొడుగుల గదిలో ఫ్యాను ఉందట కదమ్మా," అంది కూతురు. "కుర్చీ ఉంది. మెట్లు దిగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. జీతం అదే. ఎవరితో పంతం నీకు?"

"ఎవరితో కాదే."

"మరి?"

"వణుకుతున్నావు, కూర్చో అన్నారు. ఇవాళ కూర్చుంటే రేపు ఇస్త్రీ పెట్టె కూడా నా చేతిలోంచి తీసుకుంటారు. ఎవరు? మీరే. ప్రేమగానే తీసుకుంటారు."

కూతురు ఎర్ర కలం మూత పెట్టింది. "నేను అలా అన్నానా?"

"అనలేదు. అనకముందే చెబుతున్నా."

కుట్టుమిషను ఆగింది. భర్త కళ్లజోడు పైకి తోసుకుని, "నాకైతే గొడుగుల గదే బాగుంది," అన్నాడు. "వానాకాలం ఇంట్లో గొడుగు లేదన్న మాట ఉండదు."

"మీరు ఊరుకోండి."

"ఊరుకున్నానుగా, చేతులే పనిచేస్తున్నాయి." ఆయన మిషను కింద నుంచి మందపాటి గుడ్డతో కుట్టిన తొడుగు తీసి ఆమె ముందు పెట్టాడు. లెన్సు బయటికి రావడానికి గుండ్రటి కంత, కన్ను ఆనించడానికి ఇంకొకటి, బొత్తాం దగ్గర పలచటి పొర. "ఆ పొడి లోపలికి పోతే కెమెరా పనికిరాకుండా పోద్దని స్టూడియో ఆయన చెప్పాడు. లెన్సు ఎప్పుడూ ఊడదీయకు. తొడుగు తియ్యకు."

ఆమె తొడుగు తొడిగి చూసింది. సరిగ్గా సరిపోయింది. "కొలతలు ఎప్పుడు తీశారు?" అని అడిగింది.

"నువ్వు కూతురితో పోట్లాడుతున్నప్పుడు."

కూతురు లేచి కెమెరా చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది. "ఇంత బరువు మెడలో వేసుకుంటావా?" అంది, కానీ ఆ గొంతులో మొదటి పట్టుదల లేదు. పట్టీ పొడుగు తన తల్లి ఛాతీ దగ్గరికి వచ్చేలా సరిచేసింది.

మర్నాడు భోజన విరామంలో సుద్దక్క ఫిట్టర్ల బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక చిన్న ఇత్తడి బిళ్ల ఉంది. పట్టీకి తగిలించుకోవడానికి దానికి ముందే కంత వేయించుకుంది. బిళ్లను దిమ్మ మీద పెట్టి, ఉలి, సుత్తి అడిగింది. ఎందుకో అందరికీ అర్థమై, తినేవాళ్లు తినడం ఆపారు.

"ఏం బొమ్మ?" అన్నాడు రేడియేటర్ల అతను. "పువ్వా? పువ్వు కష్టం. నా చేపకే రెండు బిళ్లలు పాడయ్యాయి."

"అది చేపా!" అని ఎవరో అన్నారు.

మేస్త్రి గొంతు తగ్గించి, "నేను పట్టుకుంటాను, నువ్వు కొట్టు సుద్దమ్మా. ఎవరూ అనరు," అన్నాడు.

"చెల్లదు బాబాయ్."

ఉలి నిలబెట్టింది. దాని మొన బిళ్ల మీద అటూ ఇటూ కదులుతోంది. ఆమె గుంతలో నిలబడ్డట్టే మోచేతులు పక్కటెముకలకు ఆనించి, బిళ్ల మీదికి వంగి, ఊపిరి వదిలేసి కొట్టింది. ఒక గీత పడింది. ఉలి కొంచెం జరిపి మళ్లీ కొట్టింది. దాని పక్కనే ఇంకొకటి పడింది. ఉలి కింద పెట్టేసింది.

"అయిపోయిందా?" అన్నాడు మేస్త్రి. బిళ్ల వైపు వంగి చూశాడు. "ఏంటిది? రెండు గీతలా?"

"జంట పగులు. మీరు రోజూ అడిగే కవలలేగా."

అందరికన్నా గట్టిగా మేస్త్రే నవ్వాడు, ఈసారి నవ్వు వేరుగా ఉంది. రెండో గీత మొదటిదానికన్నా లోతుగా పడింది, కాస్త వాలింది కూడా. "ఇంకో బిళ్ల ఇస్తాను, తిన్నగా కొట్టు," అన్నాడు ఆయన.

"ఎందుకు? ఇది నాదని తెలియడానికి ఇదే నయం."

వారం మారగానే కొత్త జేబు కెమెరా డబ్బాతో మేనేజరు గారు గుంత దగ్గరికి వచ్చారు. కింద సుద్దక్క ఉంది. మెడలో పట్టీ, తొడుగులో కెమెరా, తొడుగు మీద అప్పటికే తెల్లటి వేలిముద్రలు. పైన నేను నూనె సీసాలు సర్దుకుంటున్నాను.

"మీరు గొడుగుల గదిలో ఉండాలి కదమ్మా."

"గొడుగులు ఎక్కడికీ పోవు సార్."

"ఆ మెడలోది?"

"సొంత పనిముట్టు."

ఆయన మెట్లు దిగి ఇత్తడి బిళ్ల పట్టుకుని తిప్పి చూశారు. ఆ రెండు గీతలేమిటో ఆయనకు తెలుసు. జంట పగులు అన్న మాట పైవాళ్ల ఫోనులో ఎక్కువసార్లు విన్నది ఆయనే. మేస్త్రి వైపు చూసి, "ఇది లెక్కలోకి వస్తుందా?" అన్నారు.

"గుర్తుంది కదా సార్," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

"ఎవరు కొట్టారు?"

"తనే కొట్టుకుంది. మేమందరం చూశాం."

మేనేజరు గారు కాసేపు ఆ బిళ్ల వదలలేదు. తర్వాత మెల్లగా అడిగారు: "ఫోటో మళ్లీ కదిలితే?"

"కదులుద్ది సార్, పదిట్లో ఒకటి. నూనె తమ్ముడు కొలిచాడు. కదిలినదాన్ని చెరిపేసి మళ్లీ తీస్తా. కదలనిది వచ్చేదాకా బండి గుంత దాటదు. ఇది ఖాళీగా ఉన్నోడు చెయ్యడు. నేను చేస్తా."

"పైవాళ్లు అడిగితే ఏం చెప్పను?"

"వణికే మనిషి తీసిందని చెప్పండి. ఫోటో చూపించి చెప్పండి."

ఆయన డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు ఎక్కారు. పైకి వచ్చాక వెనక్కి తిరిగి, "ట్యాంకు వెనక కూడా చూడండి, అక్కడ వదిలేయకండి," అని మాత్రం అన్నారు. జేబు కెమెరా ఆయన సొరుగులోనే ఉండిపోయింది. రోడ్డు మీద బస్సుకు దెబ్బ తగిలినప్పుడు ఆయనే జేబులో వేసుకుని వెళతారు. ఆ పనికి దానికన్నా మంచిది లేదు.

ఆ రోజు ఒక బస్సు అడ్డకమ్మీ మీద ఆమె తీసిన ఫోటోకు ఇంజనీరు నుంచి జవాబు వచ్చింది: ఒకటే పగులు, అతకండి. మేస్త్రి అతికాడు. ఆ బస్సు మళ్లీ రోడ్డెక్కిన సాయంత్రం ఆమె దానికోసమే, ముందొచ్చిన బస్సు వదిలేసి, స్టాపులో నిలబడింది. నేనూ అదే దారి కాబట్టి ఆమె వెనకే ఎక్కాను. ముందు సీటు ఖాళీగా ఉంటే కండక్టరు, "కూర్చో అక్కా, చెయ్యి వణుకుతోంది," అన్నాడు.

"వణకనీ," అని ఆమె కడ్డీ పట్టుకుని నిలబడింది, సరిగ్గా ఆ అడ్డకమ్మీకి పైన. బస్సు కదిలింది. ఇత్తడి బిళ్ల కడ్డీకి తగిలి దారి పొడుగునా చప్పుడు చేస్తూనే ఉంది.